ఇంటి మాటలోని పాట – కొందఱు పరదేశ గాయనీమణులు

సంగీతమునకు భాషతో పనిలేదని మన సభలలో వక్తలు తఱచుగా చెప్పుదురు, శ్రోతలు తలలూపుదురు. ఈ మాట వీణకును వేణువునకును చెల్లునేమో కాని, పాటకు చెల్లదని నా యభిప్రాయము. పాట యనగా మొదట ఒకరి నోటి మాట. ఆ మాటకు ఒక యూరును ఒక యిల్లును ఉండును; తఱచుగా ఆ యింట ఒక అమ్మమ్మయు నుండును. తెలుగు గడ్డను విడిచి తరతరములుగా అన్యభాషల నడుమ కాపురము చేయుచున్న మనకు ఈ సంగతి ఒకరు చెప్పవలసిన పనిలేదు.

కొన్ని నెలలుగా నేను పరదేశముల స్త్రీలు పాడిన పాటలను పనిగట్టుకొని వినుచున్నాను. ఒకప్పుడు అట్టి క్యాసెట్టు ఒకటి దొరకుటకు చెన్నపట్టణపు అంగళ్లన్నియు తిరుగవలసియుండెడిది. నేడు మనుమరాలి చేతి ఫోనులో అన్నియు నున్నవి. విద్యుత్తుతో మ్రోగు వాద్యములను దూరముంచి, గిటారు, ఫిడేలు, డప్పు మొదలగు కొలది వాద్యములతో పాడినవానినే ముఖ్యముగా ఎన్నుకొంటిని. ఏలయన అట్టి పాటలలో గొంతు దాగుటకు చోటుండదు. గాయని పలికిన ప్రతి యక్షరమును చెవికి దొరకును. సంగీతశాస్త్రము నేను చదువలేదు. కచ్చేరీలో గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. శ్రద్ధగా వినుటయే నాకున్న యోగ్యత.

ఈ పాటలన్నిటికిని అంగడివారు 'వరల్డ్ మ్యూజిక్' అని పేరు పెట్టిరి. ఆ పేరు అంగళ్లలో స్థిరపడినది 1987లో, లండను నగరమున. చిన్న చిన్న రికార్డు కంపెనీలవారు ఒక మద్యశాలయందు కూడిరి. ఆఫ్రికా, లాటిన్ అమెరికా, తూర్పు దేశముల రికార్డులను ఏ యరలో నుంచవలెనో దుకాణదారులకు తెలియక అమ్మకము సాగుటలేదని, అన్నిటికిని కలిపి ఒక్క పేరు నిర్ణయించిరి. వారి యవసరము వారిది. కాని అరకు పెట్టిన పేరు అందలి వస్తువుల స్వభావమును తెలుపదు. మా కచ్చేరీలో ఏ పద్దునకును చెందని కాగితములకు 'ఇతరములు' అని ఒక కట్ట కట్టెడివారము. ఆ కట్టలో పింఛను దరఖాస్తు ప్రక్కన ప్రహరీగోడ తగాదా యుండెడిది. 'వరల్డ్ మ్యూజిక్' అనునదియు అట్టి కట్టయే. దానిని విప్పి ఒక్కొక్క కాగితమును వేఱువేఱుగా చదువవలెను.

మొదట సెసారియా ఎవోరా. ఆఫ్రికా పడమటి తీరమునకు ఎదుట సముద్రములో కేప్ వర్డీ దీవులున్నవి. అందొక దీవియందలి మిందేలో అను రేవుపట్టణమున ఆమె 1941లో పుట్టెను. తండ్రి వాద్యకారుడు, ఆమెకు ఏడేండ్ల ప్రాయమున పోయెను. తల్లి పోషింపలేక ఆమెను అనాథశరణాలయమున చేర్చెను. పెరిగి పెద్దదై రేవులోని మద్యపుటంగళ్లలో నావికులకు పాడి పొట్టపోసికొనెను. 1975లో దీవులకు స్వాతంత్ర్యము వచ్చిన కాలమున పాట కూడు పెట్టకపోగా, ఇంచుమించు పదేండ్లు పాడుటయే మానుకొనెను. ఫ్రాన్సు రైల్వేలో చిన్న యుద్యోగము చేయుచుండిన జోసే ద సిల్వా యను స్వదేశస్థుడు ఆమె పాట విని, పారిసునకు పిలిపించి, 1988లో రికార్డు చేయించెను. అప్పటికామెకు నలువదియైదేండ్లు దాటినవి. రైల్వే యుద్యోగి యొకడు లోకమునకు చేసిన యీ యుపకారమును మా గుమాస్తాల జాతి తరఫున నేను గర్వముతో పేర్కొనుచున్నాను.

ఆ తొలి రికార్డులో విద్యుత్ వాద్యముల మ్రోత యెక్కువ. నాట్యమాడుటకు అది బాగుండును. గొంతు మాత్రము సంతలో తప్పిపోయినట్లుండును. 1991లో వచ్చిన 'మార్ అజూల్' నాటికి ఆ మ్రోత తీసివేయబడెను. గిటారులును, కవకిన్యు అను నాలుగు తీగల బుల్లి గిటారును ముందునకు వచ్చెను. మరుసటి యేట 'మిస్ పెర్ఫుమాదో' వచ్చెను. 1988 నాటి దానిని, 1992 నాటి దానిని ఒకదాని వెంట ఒకటి వినినచో ఒకే మనిషి యిద్దఱుగా తోచును. వెనుకటి రికార్డులో ఆమె స్వరమును పైకెక్కించుటకు ఏమాత్రమును ప్రయాసపడదు. సాయంకాలము అరుగుమీద కూర్చుండి పొరుగింటామెతో కష్టసుఖములు చెప్పుకొనునట్లు పాడును. 'మోర్నా' యను ఆ దేశపు గేయజాతికి అదియే తగిన నడక.

ఆమె పాటలలో మిక్కిలి ప్రసిద్ధమైనది 'సొదాదె'. కూలి ఒప్పందముమీద దూరపు సావో తోమే దీవికి ఓడలో పోయినవారి పాట యిది. ఆ శీర్షికను 'విరహము' అనిరేని చాలదు. 'స్మృతి' యనిరేని అసలే చాలదు. మన యిండ్లలో పుట్టిల్లు విడిచిన పిల్లకు పట్టుకొనునే, ఆ 'బెంగ' యను మాట సరిగా అతుకును.

ఇక భాష సంగతి. ఆ దీవులలో బడికిని కచ్చేరికిని పోర్చుగీసు, ఇంటికి క్రియోలు. క్రియోలు పోర్చుగీసును ఆఫ్రికా భాషలను కలిపి జనులు పుట్టించుకొన్న మాట. సెసారియా ఆ యింటి మాటలోనే పాడెను. పోర్చుగీసులో పాడియుండినచో బ్రెజిలు మొదలు లిస్బను వరకు కోట్లమందికి అర్థమయ్యెడిది కదా యని వ్యవహారజ్ఞులు అడుగవచ్చును. కాని పారిసులో ఆమె సభలు నింపినవారికి రెండు భాషలును రావు. వారికి అర్థమైనది తన మాటలో తాను నిశ్చింతగా కూర్చున్న ఒక మనిషి గొంతు. పైగా కేప్ వర్డీవారిలో దీవులలో మిగిలినవారికంటె వలసపోయినవారే యెక్కువ. వారికి ఆ పాట ఇంటినుండి వచ్చిన ఉత్తరము. 2004లో ఆమెకు గ్రామీ బహుమానము లభించెను. 2011లో పరమపదించెను. మోర్నాను యునెస్కో తన పట్టికలో చేర్చినది 2019లో. ఆమె వేదికపై వట్టి కాళ్లతో నిలుచుటను మన సభలవారు మెచ్చుకొందురు కాని, నడుమ కచేరి ఆపి, బల్లకడ కూర్చుండి సిగరెట్టు కాల్చుకొనుటను సహింపరు. ఆ కొలదినిమిషములు వాద్యకారులు మాత్రమే వాయించెడివారు; అదియు వినదగినదే.

దక్షిణాఫ్రికా గాయని మిరియం మకేబాను (1932–2008) గూర్చి మనవారు కొంత వినియుందురు గనుక క్లుప్తముగా చెప్పెదను. షోసా భాషలో నాలుకను అంగిటికి కొట్టి పలుకు హల్లులున్నవి. మన రైతులు ఎడ్లను అదలించుటకు చేయు ధ్వనికి దగ్గరగా నుండును. ఆ హల్లులతో నిండిన పెండ్లిపాట నొకదానిని ఆమె దేశదేశముల పాడెను. ఆంగ్లేయులు దానికి 'క్లిక్ సాంగ్' అని పేరు పెట్టిరి. అసలు పేరు పలుకలేక అట్లు పెట్టిరని ఆమె సభలలో నవ్వుచు చెప్పెడిది. 1960లో తల్లి మరణించినప్పుడు స్వదేశమునకు పోబోగా ఆమె పాస్‌పోర్టు రద్దయిన సంగతి తెలిసెను. మరల 1990 వరకు ఆమె ఇల్లు చూడలేదు. ముప్పది యేండ్లు ఆ హల్లులే ఆమె కాపురము. 1967లో అమెరికాలో ప్రబలిన 'పాటా పాటా'లో నడుమ ఆంగ్లమున వివరణ చొప్పించిరి. ఆ వివరణ వచ్చిన ప్రతిసారియు నాకు పాట తెగినట్లుండును. వినువాడు అడుగకమునుపే అర్థము చెప్పుట ఆతిథ్యము కాదు.

ఈ వ్యాసమునకు నన్ను పురికొల్పినది మాత్రము వేఱొక గాయని. ఫ్లోరీ జగోడా పేరు మనలో వినినవారు అరుదు. ఆమె కథకు ముందు ఆమె భాష కథ చెప్పవలెను.

1492 మార్చి 31న స్పెయిను రాజదంపతులు, యూదులందఱును క్రైస్తవము పుచ్చుకొనవలెను, లేదా దేశము విడువవలెనని శాసించిరి. విడిచినవారిలో పెక్కురు తురుష్క సామ్రాజ్యమున సలోనికా, ఇస్తాంబూలు, ఇజ్మీరు మొదలగు పట్టణములు చేరిరి. 16వ శతాబ్దమున కొందఱు బోస్నియాలోని సారాయెవోకు వచ్చిరి. వెళ్లగొట్టిన దేశపు భాషను మాత్రము వారు వెళ్లగొట్టలేదు. దానిలో తురుష్కపు మాటలు, గ్రీకు మాటలు, స్లావు మాటలు చేరినవి. హీబ్రూ లిపిలో దానిని వ్రాసికొనిరి. స్పెయినులో మాఱిపోయిన ప్రాతపలుకులు కొన్ని వారి నోట నిలిచినవి. నేడు దానిని లదీనో యని వ్యవహరింతురు. విశ్వనాథనాయకుని కాలమునుండి, అనగా అదే 16వ శతాబ్దమునుండి, మధుర సీమలో స్థిరపడిన తెలుగు కుటుంబములవారు ఇది చదివి చిఱునవ్వు నవ్వుదురని నమ్ముచున్నాను. కిటికీని 'జన్నలు' అనుటయు, తెలుగు మంగళహారతిని తమిళాక్షరములలో వ్రాసికొని పాడుటయు మన యిండ్ల వాడుకయే గదా.

ప్రార్థనకు హీబ్రూ యుండెను. వర్తకమునకు ఊరిభాష యుండెను. లదీనో పాటలను ముఖ్యముగా నిలిపినవారు స్త్రీలు. స్పెయిను రాజుల, రాణుల ప్రాతకథలు ఉయ్యెల ప్రక్క జోలపాటలైనవి. పెండ్లిండ్లలో కంజిరవంటి డప్పును స్త్రీలే వాయించి పాడెడివారు.

ఫ్లోరీ 1923లో సారాయెవోలో పుట్టెను. వ్లసెనిత్స యను చిన్నయూరిలో అమ్మమ్మకడ ఈ పాటలు నేర్చెను. లదీనోలో అమ్మమ్మను 'నోనా' యందురు. 1941లో జర్మనులు ఆ దేశము నాక్రమింపగా, యూదులు ధరింపవలసిన గుర్తును తీసివేసి, దొంగపేరుతో, చేతనొక అకార్డియనుతో జాగ్రెబునుండి సముద్రతీరమునకు రైలెక్కెను. దారి పొడవునను ఆ పెట్టె వాయించుచునే యుండెననియు, తోటి ప్రయాణికులు కూడి పాడిరనియు, టిక్కెట్టు అడిగినవారు లేరనియు ఆమె తరువాత చెప్పెడిది. అటనుండి కోర్చులా దీవికిని, ఇటలీకిని చేరి, అమెరికా సైనికుని పెండ్లాడి, 1946లో అమెరికాకు పోయెను. వ్లసెనిత్సలో మిగిలిన అమ్మమ్మగారి కుటుంబమువారిని యుద్ధకాలమున చంపివేసిరి. ఆ పాటలు తెలిసిన యిల్లు పోయినది.

వర్జీనియా రాష్ట్రమున కాపురముండి ఆమె ఆ పాటలను గిటారుతో పాడ మొదలిడెను. పెరిగిన బిడ్డలు ప్రక్కన చేరిరి. ఒక రికార్డునకు 'మా అమ్మమ్మ పాటలు' అని అర్థమిచ్చు పేరే పెట్టెను. 2002లో అమెరికా ప్రభుత్వము జానపదకళలకిచ్చు జాతీయ గౌరవము ఆమెకు లభించెను. 2021 జనవరిలో తొంబదియేడవ యేట మరణించెను.

గొంతు గొప్పదని నేను చెప్పను. సెసారియాకున్న నిండుదనము దీనిలో లేదు. ముదిమిలో చేసిన రికార్డులలో వణకు వినవచ్చును. గిటారు పాటను మోయుటకే కాని, మెఱపించుటకు కాదు. కాని పెండ్లివారింట పసుపు దంచుచు పాడు పెద్దమ్మ గొంతును కచేరి కొలతలతో కొలువరాదు. ఆమె ప్రతిమాటను ఎంత స్పష్టముగా పలుకుననగా, భాష తెలియని నేను రెండు దినములలో ఒక పల్లవిని అక్షరము తప్పక అనగలిగితిని. మా యింటివారు నన్ను చూచి నవ్విరి.

ఇక అసలు విషయము. 1983లో ఆమె ఒక క్రొత్త పాట వ్రాసెను. యూదులకు మన దీపావళివంటి దీపముల పండుగ యొకటి కలదు. ఎనిమిది రాత్రులు వరుసగా దీపములు పెంచుచు వెలిగింతురు. ఒక పిల్ల సంబరముతో ఆ దీపములను లెక్కించుటయే పాట. పేరు 'ఓచో కందెలీకాస్', అనగా ఎనిమిది చిన్న దీపములు. ప్రౌఢిమ యేమియు లేదు. ఒకటి రెండు చదువనేర్చిన బిడ్డకు వచ్చు మాటలే. దానిని టాంగో నాట్యపు నడకలో పాడువారు పెక్కురు. నేడు లదీనో ఒక్క ముక్కయు రాని పిల్లలు పలుదేశములలో ఆ పాట పాడుచున్నారు. చాలమంది అది స్పెయినునుండి వచ్చిన ఐదువందల యేండ్ల ప్రాతపాట యనుకొందురు. కర్త్రి బ్రతికియుండగనే పాట పురాతనమైపోయినది! ఇంతకంటె కవికి కావలసినదేమి?

ప్రాతపాటలను ప్రోగుచేసినవారు ఆమెకు ముందును గలరు. తురుష్కదేశమున పుట్టి జెరూసలేములో స్థిరపడిన ఇత్సాక్ లెవీ వేలకొలది స్వరములు వినుచు తిరిగి, 1959 మొదలుకొని లదీనో పాటలను సంపుటములుగా అచ్చొత్తించెను. అది మహాకార్యము. కాని సంపుటము బీరువాలో నుండును. ఫ్లోరీ ఆ భాషలో నేడును పండుగ చేసికొనవచ్చునని చూపెను. రెండు పనులును వేఱు.

లెవీ కుమార్తె యాస్మిన్ లెవీ 1975లో పుట్టెను. ఆమెకు రెండేండ్లు నిండకమునుపే తండ్రి పోయెను. తండ్రి సేకరించిన పాటలనే ఆమె పాడి లోకప్రసిద్ధి పొందెను. గొంతు మిక్కిలి బలమైనది. దుఃఖమును పిండి చూపగలదు. 2005లోని 'లా హుదేరియా' రికార్డులో ఈ పాటలకు స్పెయిను ఫ్లెమెంకో బాణీని జోడించెను. ఇది మూలమునకు తిరిగి పోవుటవలె కొందఱికి తోచినది. కాని ఫ్లెమెంకో రూపుకట్టినది 18, 19వ శతాబ్దములలో. యూదులు స్పెయిను విడిచినది 1492లో. తాము విడిచిన యింట తరువాత కాపురమున్నవారు కట్టుకొన్న మేడ అది. క్రొత్త కూర్పుగా వినినచో బాగున్నది, చప్పట్లు గట్టిగా మ్రోగుచున్నవి, గిటారు మెఱయుచున్నది. నాకు మాత్రము ఉయ్యెల కనబడలేదు. జోలపాటను అంత యార్తితో పాడినచో బిడ్డ లేచి కూర్చుండును. ఆమె పాడినవానిలో తండ్రి ప్రాతరికార్డుతో గొంతు కలిపినది మాత్రము నేను తప్పక విను పాట. అచ్చట ఆమె తన బలమును తగ్గించుకొని, ఆ ముసుఱుపట్టిన గొంతు ప్రక్కన ఒదిగి నడచును.

పరదేశముల మాట యటుండనిండు. మన దక్షిణదేశముననే ఒక యింటి యుదాహరణము కలదు. చెన్నపట్టణపు జార్జిటౌనులో వీణ ధనమ్మాళ్ (1867–1938) శుక్రవారపు సాయంకాలములు తన యింట వీణ వాయించుచు పాడెడిది. వినవచ్చినవారు ఊపిరి బిగబట్టి కూర్చుండెడివారట. తమిళదేశపు కుటుంబము, పాటలో తెలుగు. క్షేత్రయ్య పదములు 17వ శతాబ్దమునుండి మనకు ఇంత నిండుగా దక్కుటకు ఆ యింటి స్త్రీలు ముఖ్యకారకులు. మనుమరాలు బృంద (1912–1996) పాడిన పదమును వినుడు: మాటకు మాటకు నడుమనున్న జాగాయు పదమే. 1976లో ఆమెకు సంగీతకళానిధి బిరుదము వచ్చెను.

పదములను నిలుపుట యందఱును పొగడుదురు. నేను చెప్పదలచినది మఱొకటి. ఆ యింట క్రొత్తపాటకును చోటుండెను. ధర్మపురి సుబ్బరాయరు తమిళదేశమున నుండి తెలుగున జావళులు వ్రాయుచుండగా, ధనమ్మాళ్ వానిని కైకొని పాడెను. ఆనాటికవి నిన్న మొన్నటి పాటలు. నేడు మనము వానిని ప్రాచీన సంపద యని అద్దాలపెట్టెలో పెట్టితిమి. ఆమెకు లేని భయము మనకెక్కడనుండి వచ్చినదో!

మన సంఘముల ఉగాది పోటీలను చూడుడు. ఆడపిల్లలకు పాటలపోటీ యుండును. అన్నమాచార్యుల సంకీర్తనము, త్యాగరాజ కృతి, లేదా సినిమాపాట. పిల్ల తమిళాక్షరములలోనో కన్నడాక్షరములలోనో వ్రాసికొని వచ్చి చక్కగా పాడును. న్యాయనిర్ణేత తెలుగుదేశమునుండి వచ్చినవాడైనచో 'ఉచ్చారణ కొంచెము సవరించుకొనవలెను' అనును. పిల్ల ఇంటికి పోయి అమ్మమ్మతో తమిళమున మాటలాడును, ఏలయన అమ్మమ్మ తెలుగు తప్పు తెలుగని ఆనాడే నేర్చుకొన్నది. సెసారియాకు ఆమె క్రియోలును సవరింపుమని చెప్పినవారు ఉండియే యుందురు. ఫ్లోరీ నోనా లదీనోలో తురుష్కపు మాటలెన్నియో; ఆమె వానిని ఏఱివేయలేదు. మన యింటి తెలుగులో, మన యూరి జాతరను గూర్చి, మన వీధిని గూర్చి ఒక తల్లి కట్టిన పాటకు మన పోటీలలో విభాగము లేదు. బహుమానము మాట తరువాత. దానిని పాటగా లెక్కించుటకే పద్దు లేదు. 'ఇతరములు' కట్టయైనను లేదు.

కట్టువారు లేరని చెప్పకుడు. సీమంతములందును, పిల్ల పెద్దమనిషియైనప్పుడును మన స్త్రీలు అప్పటికప్పుడు వియ్యాలవారిని ఎగతాళిచేయుచు పాడు పాటలలో తమిళమాట, కన్నడమాట, ఒరియామాట తెలుగు నడకలో ఎంత చక్కగా ఇముడునో విననివారెవరు? ఆ పాటలు పందిరి విప్పుటతో పోవుచున్నవి. డప్పును వలదు, గిటారును వలదు, చప్పట్లు చాలును. రాబోవు ఉగాదికి ఆ పాటల కొక గంట కేటాయింపవలెనని కార్యవర్గమువారికి వేఱుగా అర్జీ పెట్టుకొంటిని.

వినదలచువారికి ఒక సూచన. మొదట 'మిస్ పెర్ఫుమాదో' వినుడు. అది ఎవరినైనను కూర్చుండబెట్టును. తరువాత ఫ్లోరీ జగోడాను, వంటయింట పని చేసికొనుచు వినుడు, ఆ పాటలు పుట్టినది అట్టిచోటనే. యాస్మిన్ లెవీని రాత్రికి ఉంచుకొనుడు. బృంద పదములు పాడిన పాత రికార్డులలో బరబర ధ్వని యుండును. ఫోనుకు చెవిలో పెట్టుకొను తీగను తగిలించి, ఇంట టీవీ ఆపుమని చెప్పి వినుడు.